‘ఓకే’ ఒక్కటే, ‘సరే’లు ఎన్నో

సంక్రాంతికి రాలేకపోతున్నానని బెంగళూరు నుంచి కొడుకు ఫోన్ చేసి చెబితే, ఊళ్లో ఉన్న తల్లి ఏమంటుంది? ‘సరే’ అనొచ్చు. ‘సర్లే’ అనొచ్చు. ‘అలాగే నాన్నా’ అనొచ్చు. ‘మంచిది’ అనొచ్చు. ‘ఊఁ’ అని ఊరుకోవచ్చు. ‘నీ ఇష్టం’ అని ఫోన్ పెట్టేయొచ్చు. ఈ ఆరింటిలో ఏ మాటా అతనికి అడ్డు చెప్పడం లేదు. అయినా ‘అలాగే నాన్నా’ విన్న కొడుకు నిశ్చింతగా నిద్రపోతాడు. ‘సర్లే’ విన్నవాడి మనసు కాసేపు పీకుతుంది. ‘నీ ఇష్టం’ విన్నవాడు ఆ రాత్రే బస్సు టికెట్టు వెతుకుతాడు. అదే కబురు వాట్సాప్‌లో పంపితే వచ్చే జవాబు ‘ఓకే’. ఆ రెండక్షరాలను ఎన్నిసార్లు చదివినా అమ్మ మనసు ఎలా ఉందో తెలియదు.

ఎందుకు తెలియదో ఆ మాట పుట్టుక చూస్తే అర్థమవుతుంది. 1839 మార్చి 23న అమెరికాలోని ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ పత్రికలో ‘ఓ.కె.’ అని అచ్చయింది. పక్కనే ‘ఆల్ కరెక్ట్’ అని అర్థం కూడా ఇచ్చారు. అప్పట్లో బోస్టన్ పత్రికల వాళ్లకు ఒక సరదా ఉండేది. మామూలు మాటలను కావాలనే తప్పు స్పెల్లింగుతో రాసి, వాటి మొదటి అక్షరాలను మాత్రమే వాడేవారు. ‘ఆల్ రైట్’ను ‘ఓల్ రైట్’ (Oll Wright) చేసి ‘ఓ.డబ్ల్యు.’ అనేవారు. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’ (Oll Korrect) చేస్తే ‘ఓ.కె.’ వచ్చింది. అలాంటివి ఎన్నో పుట్టాయి, చాలావరకు ఆ సరదాతోనే పోయాయి. ఇది మిగలడానికి మరుసటి ఏడాది జరిగిన ఎన్నికలు కారణం. 1840లో రెండోసారి అధ్యక్ష పదవికి పోటీ చేసిన మార్టిన్ వాన్ బ్యూరెన్ సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనే ముద్దుపేరు పట్టుకుని ఆయన అనుచరులు ‘ఓ.కె. క్లబ్బులు’ పెట్టారు. ఆయన ఓడిపోయారు గానీ ఆ మాట దేశమంతా తిరిగింది. ఆ తర్వాత టెలిగ్రాఫ్ ఆపరేటర్లకు బాగా పనికొచ్చింది, ఎందుకంటే కొట్టడానికి ఇంత చిన్న మాట దొరకదు.

ఈ కథంతా పాత పత్రికల కట్టలు తిరగేసి 1963, 1964లలో బయటపెట్టినవారు కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆలెన్ వాకర్ రీడ్. అంతకుముందు రకరకాల ఊహలు నడిచేవి. అమెరికా ఆదివాసుల చోక్టా భాషలోంచి వచ్చిందని నమ్మిన అధ్యక్షుడు వుడ్రో విల్సన్ దాన్ని ‘ఓకే’ అని పలికేలా వేరే స్పెల్లింగుతో రాసేవారు. గ్రీకులో ‘అంతా బాగుంది’ అని అర్థమిచ్చే ‘ఓలా కలా’ దీనికి మూలమన్నవాళ్లూ ఉన్నారు. వినడానికి బాగుండే ఇలాంటి కథలు చెరగడానికి చాలాకాలం పడుతుంది.

ఇందులో పట్టుకోవలసిన విషయం ఒకటుంది. ఓకే మొదట్నుంచీ ఒక తనిఖీ గుర్తు. కాగితం చూశాం, తప్పుల్లేవు, ముందుకు పంపొచ్చు అని దాని అర్థం. నచ్చిందా, ఇష్టంగానే ఒప్పుకున్నారా అన్నది దాని పని కాదు. సినిమా షూటింగుల్లో ‘షాట్ ఓకే’ అన్నప్పుడు సరిగ్గా ఆ మొదటి అర్థమే వినిపిస్తుంది. ‘సంబంధం ఓకే అయింది’, ‘లోన్ ఓకే అయింది’ అనడమూ అంతే. ‘భోజనం ఎలా ఉంది?’ అని అడిగితే ‘ఓకే’ అనడం మెచ్చుకోలు కాదని ఎవరికైనా తెలుసు. ఇష్టాయిష్టాలు అంటని మాట కాబట్టే ప్రపంచంలో ఎన్నో భాషల్లోకి సులువుగా దూరింది.

తెలుగు మాటలు అలా కాదు. ఒప్పుకున్నామని చెప్పే ప్రతి మాటా ఎవరితో, ఏ మనసుతో ఒప్పుకున్నామో కూడా చెబుతుంది.

‘సరే’లో ఉన్నది ‘సరి’. సరి అంటే సమానం. సరిసమానం, సరితూగడం, సరిపోలడం, సరి బేసి అన్నీ ఆ కుదురులోవే. త్రాసు రెండు పళ్లేలూ ఒక ఎత్తున నిలిస్తే సరి. కాబట్టి సరే అనేవాడు తూచి చూసినట్టే లెక్క. నువ్వన్నదీ నేననుకున్నదీ తూగాయని అందులో ఉంది. అందుకే సమానుల మధ్య ఆ మాట హాయిగా నడుస్తుంది. పెద్దవాళ్లు పని పురమాయించినప్పుడు మాత్రం చాలామంది నోట ముందుగా వచ్చేది ‘అలాగేనండి’. అలాగే అంటే మీరెలా చెప్పారో ఆ లాగునే అని. అందులో తూచడం లేదు, ఎదుటివారి మాటకే పెద్దపీట. తెలంగాణలో అట్లనే, గట్లనే, సీమలో అట్లే అన్నా దారి అదే. ఇంకో మెట్టు దిగితే ‘చిత్తం’. మీ చిత్తం ఎలా ఉంటే అలా, నా చిత్తంతో పనిలేదు అని. జమీందారీలు పోయాక ఆ మాట నాటకాల్లోకి, పౌరాణిక సినిమాల్లోకి వెళ్లిపోయింది. పోవడమే మంచిది.

సరేకి తోకలు తగిలితే అర్థం ఎలా తిరిగిపోతుందో గమనిస్తే ఆశ్చర్యమేస్తుంది. ‘సరేనా?’ అంటే ఒప్పుకొమ్మని అడగడం, ఒక్కోసారి గట్టిగా చెప్పడం కూడా. ‘సరేలే’ నలిగి ‘సర్లే’ అయితే ఇష్టం లేకపోయినా వదిలేశానని. తెలంగాణలో ‘సరే తియ్’ దాదాపు అదే పని చేస్తుంది. ‘సరే మరి’ అంటే మాట ముగిసింది, వెళ్లొస్తాం అని. ‘సరే చూద్దాం’ అంటే చాలా సందర్భాల్లో మర్యాదగా కాదనడమే, అప్పు అడగబోయినవారికి ఇది బాగా తెలుసు. ‘సరే గానీ’ మరీ విచిత్రం. అది ఒప్పుకుంటున్నట్టు మొదలై, ఒప్పుకోకుండా, సంగతిని వేరే దారి పట్టిస్తుంది. ఈ తోకలు ఏ నిఘంటువులోనూ తిన్నగా దొరకవు, వినికిడితోనే పట్టుబడతాయి. విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లలు ‘సరే’ తేలిగ్గానే నేర్చుకుంటారు. అమ్మమ్మ ‘సర్లే’ అన్నప్పుడు ఆమె నొచ్చుకుందని గ్రహించడానికే ఏళ్లు పడుతుంది.

మాటకు ముందు చప్పుడు ఉంది. కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ ఆగిపోతుంది. ఆ ఊఁ ఒప్పుకోలు కాదు, వింటున్నానన్న కబురు మాత్రమే. కానీ ‘ఆయన ఊఁ అంటే చాలు, పని అయిపోతుంది’ అన్నప్పుడు అదే ఊఁ పూర్తి అనుమతి. ఫోన్లో అవతలివాళ్లు ఊఁ ఊఁ అంటున్నారు కదా అని పని మొదలుపెట్టేసి, ‘నేనెప్పుడు సరేనన్నాను?’ అని మాటపడిన వాళ్లు తక్కువేం కాదు. తల ఊపడమూ ఇలాంటిదే. అడిగినదానికల్లా ఆలోచించకుండా తల ఆడించేవాణ్ణి గంగిరెద్దుతో పోల్చారు. ఎవరేమన్నా వంత పాడేవాణ్ణి ‘తానా అంటే తందానా’ అంటాడన్నారు. ఒప్పుకోవడానికి ఇన్ని మాటలున్న భాషలోనే, ఆలోచన లేని ఒప్పుకోలును ఎత్తిచూపే జాతీయాలూ పుట్టాయి.

ఇక మౌనం. సంస్కృతంలో ‘మౌనం సమ్మతి లక్షణం’ అన్నారు. నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే అని. తెలుగువాళ్ల వాడుకలో అది ‘మౌనం అర్ధాంగీకారం’ అయింది. అర్ధం అంటే సగం. పూర్తి సమ్మతి అనడానికి మన వాడుక ఒప్పుకోలేదు, సగం దగ్గరే ఆగింది. పెళ్లిచూపుల్లో ‘అబ్బాయి నచ్చాడా?’ అని అడిగితే అమ్మాయి తలవంచుకుని ఊరుకుంటే, దాన్ని సిగ్గు కింద లెక్కేసి తాంబూలాలు మార్చుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మిగతా సగం ఎవరూ అడగలేదు.

చట్టం ఆ సగాన్ని కూడా లెక్కలోకి తీసుకోదు. ఒప్పందాల చట్టంలో ఇప్పటికీ చెప్పుకునే ఒక ఇంగ్లండు తీర్పు 1862 నాటిది, ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ. మేనల్లుడో అన్న కొడుకో అయిన ఒక యువకుడి గుర్రాన్ని కొనాలనుకున్న పెద్దాయన ‘నీ నుంచి ఇంకే కబురూ రాకపోతే, గుర్రం 30 పౌండ్ల 15 షిల్లింగులకు నాదైనట్టే అనుకుంటాను’ అన్న మాట ఉత్తరంలో రాశాడు. జవాబు రాలేదు. అమ్మాలని ఆ యువకుడి మనసులో ఉంది కూడా. అయినా యువకుడి సొత్తును వేలం వేస్తున్న వేలంపాటగాడు పొరపాటున ఆ గుర్రాన్ని కూడా వేరేవాళ్లకు అమ్మేశాడు. పెద్దాయన అతని మీద దావా వేశాడు. మనసులో అనుకోవడం చాలదు, ఎదుటివారికి తెలియజేయాలి, కాబట్టి ఒప్పందమే జరగలేదని కోర్టు తేల్చింది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ఆ దారిలోనే నడిచింది. దాని 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం పూర్తిగా, షరతులు లేకుండా ఉండాలి. మన ‘సరే గానీ’ ఆ పరీక్షలో నిలవదు. షరతు పెట్టగానే అది కొత్త ప్రతిపాదన అవుతుంది.

అదే చట్టం 13వ సెక్షన్‌లో సమ్మతిని ఎలా వివరించిందంటే, ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవడం. ‘సమ్మతి’ అన్న మాటను విడదీస్తే అదే వస్తుంది. సం, మతి. మనసులు కలవడం. వంద మాటల్లో చెప్పవలసిన న్యాయసూత్రాన్ని మూడక్షరాలు పట్టుకున్నాయి. సంస్కృతం నుంచి వచ్చిన మిగతా మాటలూ ఇలా విప్పి చూడదగ్గవే. అంగీకారం అంటే అంగంగా చేసుకోవడం, ఒంట్లో భాగం చేసుకోవడం. స్వీకారం అంటే స్వంతం చేసుకోవడం. బహుమతిని స్వీకరిస్తాం, షరతును అంగీకరిస్తాం, ఒకదాని బదులు ఇంకొకటి వాడితే చెవికి తగులుతుంది. ఆమోదానికి సంస్కృతంలో అసలు అర్థాలు సంతోషం, సువాసన. ప్రబంధాల్లో పూల ఆమోదం గుబాళిస్తుంది. పత్రికల్లో బిల్లులకు ఆమోదం లభిస్తుంది.

ఆ చివరి మాట దగ్గర తెలుగు వార్తలు ఒక చిక్కు తెచ్చిపెట్టాయి. సభలో బిల్లు నెగ్గితే ఆమోదం, గవర్నర్ సంతకం పెడితే ఆమోదం, మంత్రివర్గం సరేనంటే ఆమోదం, రాజీనామాను ఒప్పుకుంటే ఆమోదం. ‘సభ ఆమోదించిన బిల్లుకు గవర్నర్ ఆమోదం రాలేదు’ అన్న వాక్యం చదివిన మామూలు పాఠకుడికి ఏది ఏమిటో ఎలా తెలుస్తుంది? రాజ్యాంగంలోని 200వ అధికరణ సభ చేసే పనికీ గవర్నర్ చేసే పనికీ వేర్వేరు మాటలు వాడింది. గవర్నర్ బిల్లుకు సమ్మతి తెలపొచ్చు, నిలిపివేయొచ్చు, రాష్ట్రపతి పరిశీలనకు పంపొచ్చు. గవర్నర్‌ది సమ్మతి అనీ, సభది ఆమోదం అనీ పత్రికలు విడిగా రాయడం మొదలుపెడితే సగం గందరగోళం తీరిపోతుంది. అందుకు కొత్త మాట పుట్టించనక్కర్లేదు, ఉన్నవాటిని పంచుకుంటే చాలు.

అరబ్బీ, పారసీ దారిలో వచ్చిన మాటలు ఎక్కువగా భూమినీ కచేరీనీ పట్టుకుని ఉన్నాయి. మంజూరు, రాజీ, కబూలు. నిఖాలో ఒప్పుకోలు చెప్పే మాట ‘కబూల్’. రాజీనామా కథ అన్నింటికన్నా ఆసక్తికరం. రాజీ అంటే సమ్మతి, నామా అంటే పత్రం. అంటే అసలు అర్థం ‘సమ్మతి పత్రం’. పశ్చిమాన బొంబాయి రెవెన్యూ వ్యవహారాల్లో భూమిని వదులుకునే రైతు రాసిచ్చేది రాజీనామా, దాన్ని తీసుకునే రైతు రాసిచ్చేది కబూలియత్. ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నానని చెప్పే కాగితం కాబట్టి, మెల్లగా వదులుకోవడమే దాని అర్థమైపోయింది. ఒప్పుకోలుగా పుట్టిన మాట ఇవాళ తెలుగులో పదవి వదిలేయడం.

పదహారో శతాబ్దంలో షేర్‌షా కాలంలో రైతుకు సర్కారు ఇచ్చేది పట్టా, రైతు సర్కారుకు ఇచ్చేది కబూలియత్. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ 1865 నాటి చట్టం జమీందారూ రైతూ పట్టా, ముచ్చిలికా ఇచ్చిపుచ్చుకోవాలని చెప్పింది. ముచ్చిలికా అంటే రైతు తరఫు ఒప్పుకోలు. ఇవాళ ఏ ఊళ్లో అడిగినా పట్టా అంటే తెలుసు. ముచ్చిలికా ఎవరికీ గుర్తులేదు. ఇచ్చేవాడి కాగితం నిలిచింది, ఒప్పుకున్నవాడి కాగితం పోయింది.

అచ్చతెలుగు మాటకు వస్తే ‘ఒప్పు’. తప్పుకు ఎదురు ఒప్పు. అందమూ ఒప్పే, అందుకే ‘ఒప్పులకుప్ప’ అంటారు. ఒప్పుకోవడం అంటే ఇది ఒప్పు అని తనకు తాను అనుకోవడం. ఒప్పించడం, ఒప్పందం, ఒప్పుకోలు ఆ కొమ్మలే. ఇంగ్లీషులో తప్పు ఒప్పుకోవడానికి ఒక మాట, షరతు ఒప్పుకోవడానికి ఇంకో మాట ఉన్నాయి. తెలుగు రెండింటికీ ‘ఒప్పుకోవడం’తోనే సరిపెట్టుకుంది. దాంతో ‘ఆయన ఒప్పుకున్నాడు’ అన్న వాక్యానికి సందర్భం తోడు కావాలి. పోలీస్ స్టేషన్‌లో అయితే ఒక అర్థం, వియ్యాలవారి ఇంట్లో అయితే ఇంకో అర్థం.

ఈ మాటల తేడాలు పట్టించుకోకపోతే నిజంగా నష్టం జరిగే చోటు ఆసుపత్రి. ఆపరేషన్ ముందు సంతకం పెట్టించుకునే కాగితాన్ని అంగీకార పత్రం అంటున్నారు. డాక్టరు ‘ఓకేనా?’ అంటారు. పల్లె నుంచి వచ్చిన మనిషి ‘మీరెలాగంటే అలాగే డాక్టరుగారూ’ అంటాడు. ఆ జవాబులో నమ్మకం ఉంది, గౌరవం ఉంది, భయం ఉంది. సమ్మతి మాత్రం లేదు. అది చిత్తం అనడానికి దగ్గరి మాట. 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో, పరీక్ష కోసం మాత్రమే ఒప్పుకున్న మహిళ మత్తులో ఉండగా, ఆమె తల్లి సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కూడా కాదు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదనీ, స్పృహలో ఉన్నప్పుడు అడగగలిగిన మనిషి బదులు తల్లి సమ్మతి పనికిరాదనీ కోర్టు చెప్పింది. ఏం చేయబోతున్నారు, ఎందుకు, వేరే మార్గాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి చెప్పి తీరాలని కూడా అంది. ఇవన్నీ విన్నాక రోగి అనే ‘సరే’ నిజమైన సరే. తూచి చెప్పినది.

మనసు ఒప్పుకునే సంగతి వేరే. మనోవైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్ రాస్ 1969లో చావు ముందు మనిషి మనసు దాటే దశల్లో చివరిదాన్ని అంగీకారం అన్నారు. తెలుగులో ఎవరైనా పోయినప్పుడు ‘ఆయన ఇంకా అంగీకార దశకు రాలేదు’ అంటే పరాయి మాటలా ఉంటుంది. మనవాళ్లు అనేది ‘ఇంకా జీర్ణించుకోలేకపోతున్నాడు’, ‘మింగుడు పడటం లేదు’, ‘మనసు ఒప్పడం లేదు’. దుఃఖాన్ని ఒప్పుకోవడం మనకు తిండికి సంబంధించిన పని. నోట్లో పడ్డా గొంతు దిగాలి, దిగినా అరగాలి. కౌన్సెలింగ్ పుస్తకాలు తెలుగులోకి తెచ్చేవాళ్లు ఈ మాటలను వదిలేసి నిఘంటువు మాటలు పట్టుకోవడం బాధాకరం.

ఇప్పుడు మనం రోజూ ఒప్పుకుంటున్నది ఎక్కువగా ఫోన్ తెర మీదే. అక్కడికి ఓకే చేరిన వైనం ఆపిల్ కంపెనీలో పనిచేసిన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ రాసిపెట్టారు. లీసా అనే కంప్యూటర్ తయారుచేస్తున్న రోజుల్లో బటన్ మీద మొదట ‘డూ ఇట్’ (Do It) అని ఉండేది. రెండు మాటల మధ్య ఖాళీ సరిగ్గా కనిపించక, పరీక్షించడానికి వచ్చిన ఒకాయన దాన్ని ‘డోల్ట్’ (Dolt) అని, అంటే మందబుద్ధి అని చదువుకుని నొచ్చుకున్నాడట. అప్పుడు దాన్ని ఓకేగా మార్చారు. తెలుగు ఫోన్లలో దాని చోట ‘సరే’ కనిపిస్తుంది. ఫైలు తెరవడానికి, అలారం పెట్టుకోవడానికి ఆ మాట చక్కగా సరిపోయింది. ‘అనుమతించు’ కూడా మంచి ఎంపిక, ఎందుకంటే అనుమతి ఇచ్చేవాడు ఎప్పుడూ పైనుంటాడు. ఫోన్‌లోని కెమెరాను వాడుకోనివ్వాలా వద్దా అన్నది మన చేతిలో ఉందని ఆ మాటే గుర్తుచేస్తుంది.

కానీ మన పేరు, ఫోన్ నంబరు, ఆరోగ్య వివరాలు వేరేవాళ్లకు ఇచ్చేటప్పుడు ‘సరే’ చాలదు. 2023 ఆగస్టులో రాష్ట్రపతి సమ్మతి పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతికి గట్టి కొలతలు పెట్టింది. అది స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి, దేనికో స్పష్టంగా తెలిసి ఇచ్చినదై ఉండాలి, షరతులు అంటగట్టకూడదు, మౌనంతో కాక ఏదో ఒక పని చేసి చూపాలి. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదో ఒకదానిలోనో చదువుకునే వీలు కల్పించాలి. అంటే తెలుగులో కూడా. ఆ నోటీసు కింద బటన్ మీద ఏం రాయాలన్నది చిన్న ప్రశ్నేం కాదు. ‘అంగీకరిస్తున్నాను’ సరైన మాటే గానీ, చదువు తక్కువైనవారికి గంభీరంగా, సంతకం పెట్టక తప్పదన్నట్టు ఉంటుంది. ‘చదివాను, ఒప్పుకుంటున్నాను’ అని రాస్తే అందరికీ అర్థమవుతుంది, ఏం ఒప్పుకుంటున్నామని ఒక్క క్షణం ఆగేలా చేస్తుంది. దాని పక్కనే, అదే సైజులో, అదే రంగులో ‘వద్దు’ అనే బటన్ కూడా ఉండాలి.